నాన్నగారి పడక్కుర్చీ, నేను రాసిన నాటిక

మొన్నామధ్య అమలాపురంలో కాలేజీ పిల్లలు నాటిక వేస్తున్నాం, మీరు తప్పకుండా రావాలండీ అని పిలిస్తే, మోకాళ్ల నొప్పులు పెట్టుకుని మరీ వెళ్లేను. పెద్ద అపార్టుమెంటులో పనిచేసే ఆవిడని లిఫ్టు ఎక్కొద్దంటారు, అదీ కథ. పిల్లలు బాగా చేసేరు, హాలంతా చప్పట్లు కొట్టేరు, నేను మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయేను. నా ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు, డెబ్భైల్లో మన కోనసీమలో ఊరికో నాటక సమాజం ఉండేది, ప్రతి సమాజంలోనూ లోకాన్ని ఉద్ధరించేద్దామని తిరిగే నాలాంటి బియ్యే నిరుద్యోగి ఒకడుండేవాడు.

మాది కొత్తపేట దగ్గర ఊరు. నాన్నగారికి కొబ్బరితోటలుండేవి కాబట్టి, నాకు ఉద్యోగం లేకపోయినా పూట గడవడానికి లోటు లేదు. ఆ తీరికలోనే కామందుకీ కూలీకీ మధ్య నడిచే ఓ నాటిక రాసేను. చివర్లో కూలీ వెళ్లి కామందు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి, అదే దానికి ఆయువుపట్టు. కామందు వేషం నాది. కూలీ వేషానికి మా తోటలో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే ఆయన్ని అడిగేను. చెట్టు మీద గెలలు కోస్తూ ఆయన పాటందుకుంటే, కింద కాయలు వలిచేవాళ్లు చేతులాపి వినేవారు, అంత గొంతు. ఇప్పుడు ఆయన, ఆయన అంటున్నాను గానీ, నాకంటే పదేళ్లు పెద్దయినా అప్పట్లో ఏరా అనే పిలిచేవాణ్ణి, ఆయన నన్ను బాబుగారూ అనేవారు. ఆ సంగతి నాటిక రాసినవాడికి తట్టనే లేదు.

రిహార్సల్సు మా కాయల కొట్టులో. మాటలన్నీ నాలుగు రోజుల్లో అప్పజెప్పేసేరు గానీ, కూర్చోమంటే మాత్రం ఆయన కూర్చునేవారు కాదు. తట్ట బోర్లించి ఇదే కుర్చీ అనుకో అంటే, దాని పక్కనే నేలమీద చతికిలబడి, ఆ వేళకి కూర్చుంటాను లెండి బాబుగారూ అనేవారు. కామందు ఎదుట కూలీ కుర్చీ ఎక్కడం మా ఊళ్లో లేని పని. అది మారాలని రాసిన నేనే, అదంతా ఆయన మొహమాటం అనుకుని నవ్వేవాణ్ణి.

అంతటితో ఊరుకున్నా బావుండేది. నాటిక రోజున స్టేజి మీద మడత కుర్చీ వెలవెలబోతోందని, ఇంటికి పరిగెత్తి నాన్నగారి పడక్కుర్చీ పట్టుకొచ్చి వేసేను. టేకుది, మా తాతగారి నాటిది, నాన్నగారు తప్ప మా బాబాయిగారు కూడా అందులో కూర్చునేవారు కాదు. తెర లేవగానే ఊరంతా దాన్ని గుర్తుపట్టేసింది. నాన్నగారూ బాబాయిగారూ ముందు వరసలో ఉన్నారు. ఆఖరి ఘట్టంలో కూలీ వేషంలో ఉన్న ఆయన కుర్చీ దాకా వచ్చి, దాన్ని చూసి, నావైపు చూసేరు. నేను నా అట్టమీసాల వెనకనుంచి కూర్చో, కూర్చో అని కళ్లతోనే తొందరపెట్టేను. పాపం, నా మాట కాదనడం ఆయనకెప్పుడూ అలవాటు లేదు. కూర్చున్నారు. కాలు మీద కాలు వేసేరు. వెనక నుంచున్న ఆయన పేటవాళ్ల ఈలలతో పందిరి దద్దరిల్లింది, ముందు వరసలవాళ్లు మాత్రం తలలు తిప్పి నాన్నగారి మొహంలోకి చూసేరు.

మర్నాడు నాన్నగారు ఆ కుర్చీని నూతి దగ్గర కడిగించి, కొట్టులో ఓ మూలకి వేయించేసేరు. తరవాతి దింపుకి వేరే ఊరినుంచి ఎవరినో పిలిపించేరు. మా తోటకి పిలవకపోయేసరికి, ఒకరు చెప్పకుండానే మిగతా రైతులూ ఆయన్ని పిలవడం మానేసేరు.

ఓ ఉదయం కాలవగట్టు మీద ఆయన ఎదురయ్యేరు. నాకోసమే కాసుకుని ఉన్నారని తరవాత అర్థమైంది. "ఇంట్లో ముగ్గురు పిల్లలండీ బాబుగారూ, తమరొక్క మాట అయ్యగారి చెవిన వేస్తే చాలండీ" అన్నారు. సరేలే, ఇవాళే చెప్తాను అన్నాను. ఆయ్, అని దణ్ణం పెట్టేరు. నిజంగానే చెబుదామనుకున్నాను. భోజనాల దగ్గర నాన్నగారి ఎదురుగా కూర్చుని, అమ్మ వండిన పనసపొట్టు కూర బావుందని చెప్పి, లేచి చెయ్యి కడుక్కున్నాను. మర్నాడూ అంతే. ఆ పైన కాలవగట్టు వైపు వెళ్లడమే మానేసేను.

ఆ యేడే అమలాపురం పోటీలకి మా బావ మొహానికి మసి పూసి కూలీ వేషం కట్టించేను. మాకు బహుమతి వచ్చింది. కప్పు చేతిలో పట్టుకుని సమానత్వం గురించి పావుగంట మాట్లాడేను కూడానూ. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పటికే ఆయన ఇంటికి తాళం వేసి, పెళ్లాం పిల్లలతో పడమటి వైపు పనికి వెళ్లిపోయేరని తరవాత తెలిసింది. మళ్లీ చూడలేదు.

ఇప్పుడు దింపు తీసేవాళ్లు దొరకడమే గగనం. ఫోను చేసి బతిమాలితే బండేసుకుని వస్తారు, మనింటి కప్పులో టీ తాగి, మన పేరు పెట్టి పలకరించి మరీ చెట్టెక్కుతారు. నాకు ఎంతో బావుంటుంది. అయితే అందులో నా నాటిక చేసిందేమీ లేదు, ఆ మర్యాద వాళ్లంతట వాళ్లే తెచ్చుకున్నారు. నాన్నగారు పోయి ఇరవై ఏళ్లు దాటింది. మరీ కఠినులేం కాదు. అడిగితే కసురుకునేవారేమో, కన్నకొడుకు నోరు తెరిచి అడిగేడని, గొణుక్కుంటూనే మళ్లీ పిలిపించేవారేమో. ఏం చేసేవారో నాకు తెలీదు. నేను అడగలేదు.