స్వింగ్ నొప్పి అనుకున్నాం

ఆ రోజు బెంగళూరులో టోర్నమెంటు. మా చెల్లి కెజియా గోల్ఫ్ ప్రొఫెషనల్. నేను యానాం కనకాలపేటలో స్కూలు టీచర్ని. వేసవి సెలవుల్లో ఆమె బ్యాగు మోసేది నేనే. ఒక హోల్ దగ్గర బంతి గుంటలో పడింది. దాన్ని తీయడానికి కెజియా ఎప్పటిలా నడుం వంచలేదు. వీపు నిటారుగా ఉంచి, మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి తొడ మీద ఆనించుకుని మెల్లగా కిందికి దిగింది.

"ఏంటే, అలా కూర్చుంటన్నావు?" అన్నాను.

"నడుం పట్టేసిందక్కా. ఆ హోటల్ పరుపు బాలేదు."

నాకెందుకో అది పరుపు వల్ల వచ్చిన నొప్పిలా అనిపించలేదు.

మా యానాంలో గోల్ఫ్ కోర్సు లేదు. నాన్న విశాఖలో ఉద్యోగం చేసినన్నాళ్లూ మా క్వార్టర్స్ ఒక కోర్సు పక్కనే ఉండేవి. అక్కడి కోచ్ గారు తొమ్మిదేళ్ల కెజియా చేతికి క్లబ్, అదే గోల్ఫ్ కర్ర, ఇచ్చారు. నాన్న పోయాక అమ్మా నేనూ యానాం ఫరంపేటలో మా ఇంటికి వచ్చేశాం. కెజియా హైదరాబాదులో గది తీసుకుని, అక్కడి కోచ్ దగ్గర ప్రాక్టీసు చేసేది. ఈ బెంగళూరు పోటీకి ముందు ఏడాదే తన మొదటి టోర్నమెంటు గెలిచింది. ఇక విదేశాల్లో ఆడటమే తరువాయి అని కోచ్ అంటుండేవారు.

టోర్నమెంటులో ఉన్న ఫిజియో చూసి, "లోయర్ బ్యాక్ స్పాజమ్. గోల్ఫర్లకి మామూలే," అన్నారు. బంతిని కొట్టే స్వింగ్‌లో నడుం అంతగా తిరుగుతుంది కదా, మేమూ నమ్మాం. జెల్, టేపు, మసాజు, ఒకసారి ఇంజెక్షను. నొప్పి రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చేది. గోల్ఫ్‌లో మొదటి రెండు రోజులు బాగా ఆడినవాళ్లే చివరి రోజుల్లోకి వెళ్తారు. దాన్ని కట్ అంటారు. వరసగా మూడు టోర్నమెంట్లలో ఆమెకు కట్ రాలేదు. మధ్యలో జ్వరం వస్తే గది దగ్గరి డాక్టరు వైరల్ అని మాత్రలిచ్చారు. చిక్కిపోతుంటే కోచ్, "ఫిట్‌గా తయారయ్యావు," అని మెచ్చుకున్నారు.

వానలు మొదలయ్యాక ఇంటికి వచ్చింది. సాయంత్రం ముగ్గురం ప్రార్థనకి కూర్చున్నాం. లేస్తూ అమ్మ కెజియా మెడ మీద చెయ్యి వేసింది.

"ఒళ్లు కాలతందేంటే నీకు? రోజూ ఇలాగే ఉంటందా?"

"సాయంత్రాలేనమ్మా. తెల్లారేసరికి చెమట పట్టి పోతంది."

"మరి నాకు చెప్పవేం?"

"దీనికీ నడుం నొప్పికీ సంబంధం లేదు కదమ్మా."

మర్నాడు అమ్మ పట్టుబట్టి కాకినాడ తీసుకెళ్లింది. అక్కడి ఆర్థోపెడిక్ డాక్టరు పెద్దాయన. మాటల మధ్యలో చేతిలో పెన్ను కింద పడేసి, "తీసివ్వమ్మా," అన్నారు. కెజియా బెంగళూరులో బంతిని తీసినట్టే మోకాళ్లు మడిచి తీసింది. ఆయన పెన్ను తీసుకుని, జ్వరం గురించి, ఆకలి గురించి, బరువు గురించి ఒక్కొక్కటే అడిగారు.

"ఇది కండరం నొప్పి కాదు. ఎమ్మారై తీద్దాం."

ఎమ్మారైలో నడుం దగ్గరి ఎల్‌టూ, ఎల్‌త్రీ వెన్నుపూసలు ఏదో తినేసినట్టు కనబడ్డాయి. పక్కనున్న సోయాస్ కండరంలో యాబ్సెస్, అంటే చీము గడ్డ. బయాప్సీ చేశారు. స్పైన్ టీబీ అని తేలింది.

"మా పిల్లకి దగ్గే లేదు కదండీ," అంది అమ్మ.

"టీబీ ఊపిరితిత్తులకే రావాలని లేదమ్మా. మందులతో తగ్గుతుంది. కాకపోతే టైం పడుతుంది."

"మళ్లీ ఆడొచ్చాండీ?" అని అడిగింది కెజియా.

"ముందు ఎముక గట్టిపడాలి. ఆట సంగతి తర్వాత."

మాత్రలు మొదలయ్యాయి. నడుముకి గట్టి బ్రేస్ వేశారు. ఎక్కువసేపు పడుకునే ఉండాలి. కోర్సులో రోజంతా నడిచే పిల్ల మంచం మీద నుంచి కిటికీ చూస్తూ ఉండేది. విసుక్కోవడం నేను చూడలేదు. పొద్దున్నే పరగడుపున మాత్రలు తనే గుర్తు పెట్టుకుని వేసుకునేది.

కొన్ని వారాలకు వాంతులు మొదలయ్యాయి. కళ్లు పచ్చబడ్డాయి. రక్తపరీక్ష చేస్తే మాత్రల వల్ల లివర్ దెబ్బతిన్నట్టు తేలింది. డాక్టరు మందులన్నీ ఆపేసి, లివర్ కుదుటపడ్డాక ఒక్కొక్కటిగా మొదలుపెట్టారు. ఆ సందులో యాబ్సెస్ పెరిగింది. ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మం దగ్గర ఆమె ఎడమ మోకాలు ఒక్కసారిగా పట్టు తప్పింది. నేను పట్టుకోబట్టి పడలేదు.

మళ్లీ కాకినాడ. ఈసారి డాక్టరు మాట నెమ్మదించింది.

"చీము నరాన్ని నొక్కుతోంది. సూదితో డ్రెయిన్ చేద్దాం. కాలికి బలం రాకపోతే సర్జరీ చెయ్యాలి. రాడ్లు, స్క్రూలు వేస్తే నడుం ఇదివరకటిలా తిరగదు."

గోల్ఫరు నడుం తిరగకపోతే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకెక్కడైనా చూపిద్దాం, కొన్నాళ్లు ఆగుదాం అని నేను అనబోతుంటే కెజియా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కాలు ముఖ్యమండి. అవసరమైతే స్క్రూలు వేసెయ్యండి. నా ఆట కోసం మాత్రం ఆలస్యం చెయ్యొద్దు."

డ్రెయిన్ చేసిన రోజు వార్డులో గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోతోందనుకుని దుప్పటి సర్దాను. రెండు చేతులూ క్లబ్ పట్టుకున్నట్టు ఒకదాన్నొకటి బిగించి ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. మంచం పక్కన కూర్చున్నాను.

కాలికి బలం మెల్లగా వచ్చింది. సర్జరీ అవసరం పడలేదు.

ఇంటికొచ్చాక ఆమె తనకు టీబీ అని ఫోనులో రాసి అందరూ చూసేలా పెడతానంది. అమ్మకి నచ్చలేదు.

"నడుం నొప్పని చెప్తే సరిపోదా? ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారే?"

"నడుం నొప్పని అందరం అనుకోబట్టే కదమ్మా ఇంతదాకా వచ్చింది."

అమ్మ ఆలోచించి, "సరే, పెట్టు. తగ్గే జబ్బని కూడా రాయి," అంది.

ఆ తర్వాత మా వీధిలో ఒకావిడ వచ్చి, తమ కోడలికీ టీబీయేననీ, మాత్రలు మానేస్తానంటోందనీ చెప్పింది. కెజియా బ్రేస్ వేసుకునే వాళ్లింటికి నడిచి వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ అమ్మాయి మాత్రలు మానలేదు.

నిలబడటానికి డాక్టరు ఒప్పుకున్నాక హాల్లో పచ్చ కార్పెట్ పరిచాం. స్వింగ్ చెయ్యకూడదు, వంగకూడదు. దాంతో పొడుగాటి పట్టర్ తెప్పించుకుని, నిటారుగా నిలబడి బంతిని దొర్లించడం మొదటి నుంచి నేర్చుకుంది. సాయంత్రాలు గోదావరి గట్టున నడిచేది. మొదట్లో నా భుజం పట్టుకుని, తర్వాత్తర్వాత నాకంటే ముందుగా.

మందులు ఏడాది పైనే వాడింది. నొప్పి పూర్తిగా పోయాక కూడా డాక్టరు ఆపమనేదాకా ఆపలేదు. చివరి ఎమ్మారై చూసి ఆయన, "ఎముక బాగా కలిసింది. మెల్లగా ఆడుకో," అన్నారు. కెజియా థాంక్స్ చెప్పి బయటికొచ్చి, కారిడార్లో బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. అన్ని నెలల్లో ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

తిరిగి ఆడిన మొదటి టోర్నమెంటులో కట్ రాలేదు. నేను దిగులుపడుతుంటే, "రెండు రోజులు ఆడినా నడుం ఏమీ అనలేదక్కా," అని నన్నే ఓదార్చింది. కోచ్ ఆమె స్వింగ్‌ని పొట్టిగా మార్చారు. బంతి ఇదివరకంత దూరం పోదు. గుంటలోకి దొర్లించే పట్టింగ్ మాత్రం మునుపటికంటే బాగుంది. ఈ మధ్య ఒక టోర్నమెంటులో మూడో స్థానంలో నిలిచింది. ఒక వారం ఆడితే తర్వాతి వారం ఆడదు. నొప్పి అనిపిస్తే దాచదు. విదేశాల్లో ఆడే అర్హత పోటీలకు ఇప్పుడు తయారవుతోంది.

చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మా చెల్లి నొప్పి సంగతి ఫిజియోకి చెప్పింది. జ్వరం సంగతి వేరే డాక్టరుకి చెప్పింది. బరువు తగ్గడం ఎవరికీ చెప్పలేదు. ఎవరికి వాళ్లు తమకు తెలిసినంతలో వైద్యం చేశారు. మీకు ఏ బాధ వచ్చినా, ఒంట్లో ఉన్న తక్కినవన్నీ, సంబంధం లేదనిపించినవి కూడా, ఒకే డాక్టరు ముందు కూర్చుని ఒకేసారి చెప్పండి. సంబంధం ఉందో లేదో ఆయన చూసుకుంటారు.