మేడమ్ అడిగే మొదటి ప్రశ్న

గిద్దలూరుకు బదిలీ అయిపోయిన ఆ హెడ్ కానిస్టేబుల్ మేడమ్ కూర్చుంటే, ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు దణ్ణం పెట్టేవి. మొగుడూ పెళ్లాల గొడవని ఫోన్ వస్తే చాలు, వచ్చి భార్యను పక్కకు పిలిచి ముందుగా ఒకటే అడిగేది: "గొంతు పట్టుకున్నాడామ్మా?"

మార్కాపురంలో మా వీధి లెక్క వేరు. ఎవడి అరుపుకు పలకల ఫ్యాక్టరీ రంపాలు కూడా హడలిపోతాయో వాడే ప్రమాదకరమైన మొగుడు. మా ఎదురింటాయన మాటలు వినాలంటే చీమలు కూడా చెవులు రిక్కించాలి. అందుకే ఆయన భార్య ఫిర్యాదు చేసిన రోజు, రాజీ కాగితం మీద పెద్దమనిషిగా మొదటి సంతకం నేనే పెట్టాను.

మేడమ్ తన ప్రశ్న అడిగింది.

"కొట్టలేదు మేడమ్. ఊరికే గొంతు పట్టుకున్నాడు, అంతే," అందా అమ్మాయి.

మేడమ్ ఆ కాగితం చించేసింది.

"ఏంది మేడమ్, దెబ్బ కూడా తగల్లేదు గదా!" అన్నాను.

"అరిచేటోళ్ల ఇండ్లకు పదిసార్లు పోయినానన్నా. గొంతు పట్టుకున్నోడి ఇంటికి రెండోసారి పోయేసరికి ఆయమ్మ బతికి లేదు."

అప్పటికప్పుడు అమ్మాయి చేత బట్టలు సర్దించి ఆటో ఎక్కించింది. డ్రైవరుకు చెప్పిన ఊరి పేరు నా చెవిన పడింది.

ఎదురింటాయన మెల్లగా నా పక్కకు వచ్చి నవ్వాడు. "త్రిపురాంతకమా అన్నా, యర్రగొండపాలెమా?"

"వినపడలేదు నాయనా," అన్నాను.

మర్నాడు మళ్లీ అడిగాడు, అంతే మెల్లగా.