మూరకు ఎన్ని ఆంగ్‌స్ట్రాములు

పుంగనూరు బస్టాండు ఎదుట మా అమ్మ మల్లెపూలు అమ్మేది. మోచేతి నుంచి నడివేలి కొన వరకు దండను పరిచి, ఆ పైన మరో నాలుగు వేళ్ళ వెడల్పు వదిలి తుంచేది. అదే ఆమె మూర. అమ్మ పొట్టి మనిషి.

"నీ చెయ్యి పొట్టిదైతే మా జడలో పూలు తగ్గాల్నా?" అని కొనేవాళ్ళు ఎగతాళి చేసేవారు.

"అందుకే కదమ్మా నాలుగు వేళ్ళు ఎక్కువిస్తాండేది! పొడుగు చేతులోళ్ళు ఇస్తారేమో అడుగుపో" అనేది అమ్మ.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మదనపల్లె కాలేజీలో భౌతికశాస్త్రం చదివే రోజుల్లో, ఒక ఆదివారం అమ్మ పూలు కడుతుండగా పక్కన కూర్చుని పైకి చదువుకుంటున్నాను.

"అంగుళం గురించి అంత సదవాల్నా పాపా? టైలరును అడిగితే సెప్తాడే."

"అంగుళం కాదు మా, ఆంగ్‌స్ట్రామ్. అణువుల్ని కొలిచేది. ఒక సెంటీమీటరులో పదికోట్లు ఉంటాయి."

అమ్మ చేతిలోని దారం ఆగింది. "అట్లయితే నా మూరకు ఎన్ని?"

మూర అంటే పద్దెనిమిది అంగుళాలని పుస్తకంలో ఉంది. దాన్ని సెంటీమీటర్లలోకి మార్చి, పదికోట్లతో గుణించి, నాలుగు వందల యాభై ఏడు కోట్లకు పైమాటేనని గర్వంగా చెప్పాను.

"అది ఎవురి చెయ్యి?" అని అడిగింది అమ్మ.

పుస్తకం మళ్ళీ తిరగేశాను. ఎవరి చెయ్యో అందులో రాయలేదు.

"నా చెయ్యి కొల్చి సెప్పు పాపా. ఎవురిదో నాకెందుకు?"

జామెట్రీ పెట్టెలోని స్కేలు పదిహేను సెంటీమీటర్లే. టేపు తెచ్చి కొలుస్తానన్నాను. కుప్పంలో జూనియర్ కాలేజీ ఉద్యోగం వచ్చాక టేపు కొన్నాను కూడా. ఊరికి వెళ్ళిన ప్రతిసారీ అది సంచిలోనే ఉండేది. అమ్మ ఒకటి రెండు సార్లు గుర్తు చేసింది. "రేపు కొలుస్తాలే మా" అన్నాను. నిరుడు జ్వరంతో అమ్మ పోయింది.

ఈ ఏడాది తరగతిలో ఆంగ్‌స్ట్రాముల పాఠం చెబుతూ, నల్లబల్ల మీద సున్నాలు రాస్తున్నప్పుడు, ఇక ఉండబట్టలేదు. అమ్మ మూర ఎవరికైనా గుర్తుంటుందేమోనని ఆ శనివారమే టేపు తీసుకుని పుంగనూరు బస్సెక్కాను.

అమ్మ పక్కనే పూలు అమ్మిన అత్త ఇప్పుడు అమ్మ వాడిన చెక్క పలక మీదే పూలు కొలుస్తోంది. చివరి రోజుల్లో మోచేయి నొప్పి పుడితే, అమ్మ తన చేతిని ఆ పలక మీద ఆనించి, మోచేతి దగ్గర ఒకటి, నడివేలి కొన దగ్గర ఒకటి మేకులు కొట్టించుకుందట. నేను ఆ మేకుల మధ్య టేపు పరిచాను. నలభై ఒక్క సెంటీమీటర్లు. నాలుగు వందల పది కోట్ల ఆంగ్‌స్ట్రాములు.

"దానికి నాలుగు వేళ్ళు కలుపుకో" అంది అత్త. "మీ యమ్మ మేకు కాడ ఏ పొద్దూ తుంచలా."

మేకు పక్కన నా వేళ్ళు ఆనించాను.

"నీవి సన్నం పాపా. మీ యమ్మవి నీళ్ళలో నాని నాని లావుగా ఉండె."

బస్సులో నోటుపుస్తకం తీసి నాలుగు వందల పది కోట్లని రాశాను. పక్కన కూడిక గుర్తు పెట్టాను. దాని తరువాతి చోటు ఇంకా ఖాళీగానే ఉంది.