పదిహేను కిలోల డబ్బా

మొన్న తిరుపతిలో కిరాణా కొట్టుకు పోతే, నా ముందు నిలబడ్డ పెద్దమనిషి నూనె ప్యాకెట్టు పట్టుకుని కొట్టాయన మీద విరుచుకుపడుతున్నాడు. "లీటరని ఏసి కింద తొమ్మిదొందల పది గ్రాములంటారేందప్పా? తొంభై గ్రాములు మింగేసినారే!" ఎవరూ మింగలేదనీ, నూనె నీళ్లకంటే తేలికనీ, లీటరు నూనె తూకం అంతేననీ చెప్పాను. ఆయన నన్ను కొట్టాయన బంధువనుకున్నాడు. ఈ లెక్క చెప్పి నేను ఓడిపోవడం కొత్త కాదు. మొదటిసారి మా మేనత్త దగ్గర ఓడిపోయాను.

రేణిగుంటలో మా తమ్ముడి గృహప్రవేశం. వంటల పెత్తనం అత్తది. ఆమెకో పట్టింపు ఉండేది: శుభకార్యానికి విప్పిన మొదటి నూనె డబ్బాను చుక్క మిగల్చకుండా ఒకే బాణలిలో వంచెయ్యాలి, మిగిలిస్తే కార్యం సగంలో ఆగుతుంది. ఏళ్లతరబడి పదిహేను లీటర్ల డబ్బాలే వచ్చేవి. పెద్ద బాణలిలో వంచితే అంచుకు నాలుగు వేళ్ల ఎడం మిగిలేది. ఆ రోజు కొట్లో దొరికింది పదిహేను కిలోల డబ్బా. వేరుశనగ నూనె కమ్మగా వాసన వేస్తూ బాణలిలోకి దిగుతోంది, నాలుగు వేళ్ల ఎడం రెండు వేళ్లయింది, అయినా డబ్బా వంగే ఉంది.

"అత్తా, ఆపు. ఇది కిలోల డబ్బా. లీటర్లలో పదహారున్నర దాకా ఉంటాది. కాగితే ఇంకా ఉబ్బుతాది."

"పదిహేనంటే పదిహేనే గదరా! దేవుడికే కొలతలేసేవోడివి, నూనెను ఇడుస్తావా?"

వంటకాడ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను పట్టు వదల్లేదు. నూనె వేడికి వ్యాకోచిస్తుందనీ, తడి పిండి పడితే పొంగుతుందనీ, కింద కట్టెల మంట ఉందనీ సభలో మాట్లాడినట్టు మాట్లాడాను. "నాయనా, నీ ఉపన్యాసం పొయ్యికాడ వద్దు, పో ఆడ కూర్చో" అంటూ ఆమె ఆఖరి చుక్క దాకా వంచి, పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పీట మీంచి జారిన చీర కుచ్చిళ్లు కట్టెలకు జానెడు దూరంలో ఉన్నాయి. నూనె అంచుకేసి పాకుతోంది. నేను నూనెనూ కుచ్చిళ్లనూ మార్చి మార్చి చూస్తున్నాను. చూస్తుండగానే ఆమె చేతిలో వడ తట్టి నూనెలోకి జార్చింది.

నురగ ఒక్కసారిగా లేచింది. నూనె అంచు దాటి బాణలి వీపు మీదుగా తీగలా జారింది, మంట ఆ తీగ పట్టుకుని పైకి పాకింది. అత్త భుజాలు పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం పీటతో సహా పడ్డాం. మా నాయన కట్టెలు బయటికి ఈడ్చేశాడు. మంట బాణలి అంచును నాకి చచ్చిపోయింది.

నురగ అణిగాక అత్త లేచి, కుచ్చిళ్లు దోపుకుని, "ఆ చిన్న బాణలి ఇట్ల తెండి" అంది. గరిటతో ఎక్కువైన నూనె అందులోకి తోడింది. నా వైపు చూడకుండా అంది: "మిగిల్చిందేం లేదు. రెండిట్లోకీ పంచినా. డబ్బాలో సుక్కుందేమో సూసుకోండి." గెలిచిన వాదం నా నోటిదాకా వచ్చింది గానీ, దాన్ని అక్కడే వదిలేసి డబ్బా బోర్లించి చూపించాను.

అత్త ఇప్పుడు లేదు. పోయిన నెల ఆమె మనవరాలి ఇంట్లో సీమంతం. గ్యాసు పొయ్యి, చిన్న నూనె క్యాను. అయినా రెండు బాణళ్లు పెట్టించి, క్యాను రెండిట్లోకీ పంచితే గానీ ఆ పిల్ల వడ వెయ్యనివ్వలేదు. జరిగింది చెప్పాను. "ఊరుకో మామా, అన్నిటికీ ఏదో ఒకటి సెప్తావు. మా అవ్వ వాళ్ల అవ్వ కాలం నించీ ఇట్లే ఉండాది" అంది. ఆచారం వయసు అడిగేవాళ్లు లేని ఇంట్లో నిన్నటి భయం ఇవాళ్టికే అనాది అయిపోతుంది.