తప్పు ఎవరిదైతే లోచో వాళ్లది

రింగ్ రోడ్‌లోని మా చీరల కంపెనీలో సర్వర్లు నేను చూసేవాణ్ణి, స్టోరేజీ మా కరీంనగర్ అన్న, నెట్‌వర్క్ మేం బెన్ అని పిలిచే ఒక గుజరాతీ అక్క. బిల్లింగ్ ఆగిందంటే ముగ్గురం ఒకరి మీద ఒకరం విరుచుకుపడేవాళ్లం. నా సర్వర్ల మీద నేను ఈగ వాలనిచ్చేవాణ్ణి కాదు. చివరికి తప్పు ఎవరి వైపు తేలితే వాళ్లు మిగతా ఇద్దరికీ వేడివేడి లోచో, అదే ఆ గుజరాతీ శనగపప్పు టిఫిన్, తినిపించాలి.

నిరుడు ఆ మూడింటినీ కలిపి ఒకే ర్యాక్‌లో పెట్టి, ఒకే స్క్రీన్ కిందికి తెచ్చారు. మొన్న మళ్లీ బిల్లింగ్ ఆగింది. ఎక్కడ చెడిందో స్క్రీనే చూపించింది. ముగ్గురం కలిసి బాగుచేసి, ఎవరి కుర్చీలో వాళ్లం కూర్చున్నాం. తిట్లూ లేవు, లోచో ఊసూ లేదు.

కాసేపటికి అన్న నావైపు తిరిగాడు.

“తమ్మీ, జర నన్ను తిట్టరాదు! లోచో తినక మస్తు దినాలాయె.”

బెన్ అప్పటికే లోచో తేవడానికి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.