జీపు చప్పుడుకు ఆరిన లైటు

ఆ రోజుల్లో మా కాలేజీలో నన్ను ఉప్పునీళ్ళ మేడం అనేవాళ్ళు. జమ్మలమడుగులో కూర్చుని సముద్రపు నీళ్ళు తయారుచేసుకునే మనిషికి ఇంకేం పేరు పెడతారు? నేను సముద్రాన్ని చూసింది అప్పటికి ఒక్కసారే. అయినా దాని నీళ్ళలో ఏ లవణం ఎంత ఉండాలో నాకు కంఠతా వచ్చు. కాటాలో తూచి, నమ్మకం చాలక మళ్ళీ తూచేదాన్ని.

ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళి వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. మిషన్ బళ్ళ కాలం నుంచీ మా ఇంట్లో అందరూ టీచర్లే. కాలేజీకి అప్పటికింకా సొంత కట్టడం లేదు. మెయిన్ రోడ్డు మీద ఒక పెద్ద మిద్దెయిల్లు అద్దెకు తీసుకుని నడిపేవాళ్ళు. వెనక వాటాలో ఇంటి యజమానురాలు ఒక్కతే ఉండేది. పులివెందుల పక్క పల్లెలో పుట్టి, ఈ ఊరి భూస్వాముల ఇంటికి కోడలై వచ్చి, భర్త పోయాక మిగిలిన మనిషి. నాకంటే పెద్దది గనుక అక్కా అనేదాన్ని. ఆమెకు నేను టీచరమ్మను.

మిద్దె మీద రోడ్డు వైపు గది నా ల్యాబు. అక్కడ గాజు ఫ్లాస్కుల్లో సముద్రపు బ్యాక్టీరియాను పెంచేదాన్ని. ఒక్కొక్కటిగా కంటికి కనిపించవు. కోట్ల కొద్దీ పెరిగాక నీళ్ళు పచ్చబడతాయి. చెట్టు ఆకు చేసే పనే ఇవీ చేస్తాయి. వెలుగు తాగి తిండి వండుకుంటాయి. వాటి జన్యువులన్నీ అప్పటికి కొత్తగా చదివి పట్టిక వేశారు. ఆ పట్టికలో ఎన్నో ప్రోటీన్ల పక్కన ఒకటే మాట: పని తెలియదు.

నగరంలో ఉన్న నా పీహెచ్‌డీ గైడు అలాంటి ఒక ప్రోటీన్ తయారుకాకుండా దాని జన్యువును తీసేసి, ఆ రకాన్నీ అసలు రకాన్నీ పక్కపక్కనే పెంచమని నాకిచ్చారు. ఇంట్లో ఒక మనిషి ఏ పని చేస్తోందో తెలియాలంటే ఆమె ఊరికి వెళ్ళినప్పుడు చూడాలి. ఆ రోజు ఏది ఆగిపోతే అదే ఆమె పని. నా పనీ అంతే. వేడి పెంచాను, తగ్గించాను. ఉప్పు మార్చాను. ఇనుము తక్కువ చేశాను. ఏం చేసినా రెండు రకాలూ సమానంగా పచ్చగా పెరిగేవి. ఆ ప్రోటీన్ లేని లోటు ఎక్కడా కనిపించలేదు.

గైడు ఫోను చేసి చెప్పారు. "ఎండాకాలం దాటేలోగా తేడా చూపించకపోతే రిజిస్ట్రేషన్ పోతుందమ్మా. మళ్ళీ పెట్టుకోవడానికి వయసు కూడా ఒప్పుకోదు." ఆయన కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది.

అదే ఎండాకాలం ఎన్నికలు వచ్చాయి. మా వైపు ఓట్ల కంటే ముందు జీపులు వస్తాయి. క్లాసులో రెండు పార్టీల పల్లెల పిల్లలు బెంచీలు మారి కూర్చున్నారు. నిన్నటి దాకా ఒకే మైక్రోస్కోపు మీద ఇద్దరూ వంగి ప్రాక్టికల్స్ చేసినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడడం మానేశారు. సాయంత్రం బస్సులు తొందరగా ఆగిపోయేవి. అలాంటి రోజుల్లో నేను కింద స్టాఫ్ రూములోనే పడుకునేదాన్ని.

ప్రచారం మొదలైన కొద్ది రోజులకు ఒక ఉదయం ఫ్లాస్కులు చూస్తే, జన్యువు తీసేసిన రకం వెలవెలబోయి ఉంది. అసలు రకం మాత్రం పచ్చగానే ఉంది. తేడా కోసమే ఎదురుచూసినదాన్ని ఎగిరి గంతేయాలి. కానీ ఆ వారం నేను దేన్నీ మార్చలేదు. ఏ కారణమూ లేకుండా వచ్చిన తేడాను నేను నమ్మను.

అటెండరు ఫ్లాస్కును ఎత్తి చూసి నవ్వాడు. "ఉప్పు తప్పినట్లుండాది మేడం. కూరలో గూడా ఒగోసారి తప్పుతాది గదా."

"నా చేతిలో ఉప్పు తప్పదప్పా," అన్నాను. అన్నానే గానీ అంతా పారబోసి, మళ్ళీ తూచి, మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే. ఒకటి పచ్చగా, ఒకటి పాలిపోయి.

కరెంటు పోవడం అనుకుందామా అంటే, ట్యూబులైట్లకు ముందే బ్యాటరీ పెట్టించి ఉన్నాను. ఇక అక్కడే కూర్చుని కాపలా కాయడం ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ట్యూబులైట్లు ఆరిపోయాయి. తలెత్తి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది. రోడ్డు మీద జీపు చప్పుడు దగ్గరికొచ్చి, దాటిపోయింది. లైట్లు వెలిగాయి. ఇంకాసేపటికి మరో జీపు. మళ్ళీ ఆరాయి.

తలుపు తీసి బయటికి వచ్చాను. మెట్ల మీది స్విచ్‌బోర్డు దగ్గర అక్క నిలబడి ఉంది.

"అక్కా! నువ్వా? ఏంది ఈ పని?"

"అరవాకు టీచరమ్మా. జీపు పోనీ."

పోయింది. ఆమె స్విచ్చి వేసింది.

"రోజూ ఇట్లనే ఆర్పుతాండావా?"

"ఆర్పకుంటే? జీపు సప్పుడయితే మిద్దె మింద లైటు ఉంచుతారా యాడన్నా? సదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా నీకు?"

"నా ప్రాణం తీసినావు కదక్కా. అవి చచ్చిపోతాండాయి."

"ఏమి సచ్చేది? నీ పచ్చనీళ్ళా?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాటికి గూడా జీపులంటే భయమేనా?"

నాకు నవ్వు రాలేదు. ఆమె అది చూసి మెట్టు మీద కూర్చుంది. పక్కన నన్నూ కూర్చోమంది. ఆమె మరిదిని ఒక కేసులో సాక్షిగా రాసుకున్నారట. పోలీసుల కాగితంలో పేరు ఎక్కిందట. ఒక మునిమాపు వేళ అతను ఇదే మిద్దె మీద, ఇదే గదిలో లైటు కింద కూర్చుని పేపరు చదువుకుంటుంటే రోడ్డు మీద జీపు ఆగింది. అంత వరకే చెప్పింది.

"కాగితం మింద పేరు, మిద్దె మింద లైటు. రెండూ కానొచ్చినాయి వాళ్ళకు," అంది.

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. సిగ్గులేకుండా, ఆ చెయ్యి పట్టుకునే, నా బుర్ర ఫ్లాస్కుల వైపు పోయింది. సముద్రంలో వెలుగు ఎప్పుడూ నిలకడగా ఉండదు. అల లేస్తే ఒకలా, మబ్బు కమ్మితే ఒకలా. నేనేమో వాటికి రాత్రీ పగలూ ఆరని ట్యూబులైటు ఇచ్చాను. సముద్రం ఇవ్వని సుఖం అది. ఆ సుఖంలో ఆ ప్రోటీన్‌తో పనేముంది? వెలుగు పోయి, ఒక్కసారిగా వచ్చి మీద పడ్డప్పుడే దాని అవసరం.

అనుకుంటే చాలదు, రుజువు కావాలి. వీధిదీపాలు వేసే మనిషి దగ్గర టైమరు స్విచ్చి తెప్పించాను. ఒక వరుస ఫ్లాస్కులకు దానితో లైటు ఆర్పుతూ వెలిగిస్తూ ఉండాలి. పక్క వరుసకు మాత్రం లైటు అస్సలు ఆరకూడదు. ఎన్ని జీపులు పోయినా ఆరకూడదు. ఆ సంగతి అక్కకు చెప్పాను గానీ, ఆర్పొద్దని మాత్రం అడగలేదు. ఆమే అడిగింది.

"కిటికీకి నా దుప్పటి కడతా. సందు లేకుండా కడతా. సాలునా?"

నల్ల గొంగడి ఒకటి, దాని మీద దుప్పటి ఒకటి కట్టింది. అయినా జీపు చప్పుడు వినపడగానే మెట్లెక్కి వచ్చి, స్విచ్చి మీద వేలు పెట్టి నిలబడేది. నేనూ వెళ్ళి పక్కన నిలబడేదాన్ని.

"ఆర్పొద్దు గదా?"

"వద్దక్కా."

జీపు దాటేదాకా ఆ వేలు స్విచ్చి మీదే ఉండేది. ఒక్కసారి కూడా నొక్కలేదు.

ఆరి వెలిగే లైటు కింద జన్యువు తీసేసిన రకం పాలిపోయింది. నిలకడ లైటు కింద రెండూ పచ్చగా ఉన్నాయి. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. ఇక నమ్మాను. వానలు పడకముందే గైడుకు పంపాను. రిజిస్ట్రేషన్ నిలబడింది.

వైవాలో ఒక పెద్దాయన అడిగారు. "లైటు ఆర్పి వెలిగించి చూడాలని మీకెలా తోచిందమ్మా?"

"మా ల్యాబులో లైటు ఆరి వెలుగుతుండేదండీ."

కరెంటు కోతల సంగతి అనుకుని అందరూ నవ్వారు. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని మనిషిని, ఆ రోజు దిద్దలేదు.

వైవా అయ్యాక థీసిస్‌కు చివరి బైండింగు చేయించే ముందు కృతజ్ఞతల పేజీలో అక్క పేరు రాశాను. ఆమెకు చదివి వినిపించాను. ఆమె మొహం మారిపోయింది.

"నా పేరు తీసెయ్. యాడా రాయాకు."

"ఇది పోలీసు కాగితం కాదక్కా."

"ఏ కాగితమైనా కాగితమే."

ఆమె చూస్తుండగానే కొట్టేశాను. అప్పుడు కుదుటపడి, పొయ్యి మీది పాలు గుర్తొచ్చి లేచింది. గడప దగ్గర ఆగింది.

"ఇంతకీ ఆ పని తెలీనిదానికి ఏం పేరు పెట్టినావు?"

"పేరు పెట్టలేదక్కా. వెలుగు పోయి వచ్చే చోట అది కావాలని, దాని పని మాత్రం రాసినా."

"అంతే సాలు," అంది. "పని తెలిసినాక పేరెందుకు?"