సామ్యూల్ మాస్టర్ బరాత్ రికార్డు

1954. పాతబస్తీ శాలిబండలో ఒక చిన్న రికార్డు కంపెనీలో నేను రికార్డిస్టుని, అంటే పాటను ప్లేటు మీదికి ఎక్కించేవాణ్ని. మేడ మీది హాలే మా స్టూడియో. అందులో ఎవరో జాగీర్దారు వదిలేసిన పియానో ఉండేది. మెట్ల మీంచి దింపలేక దాన్నీ ఇంటితోపాటే అద్దెకిచ్చేశారు.

ఆ పియానో వాయించడానికే మా కంపెనీ సేఠ్ సామ్యూల్ మాస్టర్‌ని పిలిపించాడు. మాస్టర్ ఉండేది అక్కడికి దగ్గర్లోని జహనుమాలో. ఒకప్పుడు మిలిటరీ బ్యాండులో ఉండేవాడు. అది ఎత్తేశాక ఆ మనుషులతోనే పెళ్లిళ్ల బ్యాండు పెట్టుకున్నాడు. సేఠ్‌కి కావలసింది పియానో ఒక్కటే. మాస్టరేమో బ్యాండు మొత్తాన్నీ వెంటబెట్టుకొచ్చాడు.

"గిప్పుడు పెండ్లిళ్లకు అందరు మైక్‌సెట్టే పెడుతున్నరు సేఠ్ సాబ్. రికార్డేస్తే అయిపాయె, మమ్మల్ని ఎవలు పిలుస్తరు? గా రికార్డుల మా బ్యాండే ఉంటే, ఇన్నోళ్లు అసలు బ్యాండునే పిలుద్దామంటరు" అన్నాడు.

"సరే, ఒక్కపూట టైమిస్త. కుదరకుంటే ఉత్త పియానో, బస్" అని సేఠ్ గొణిగాడు.

అప్పట్లో కోతలు, అతుకులు లేవు. టేక్ అంటే మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపున వాయించడమే. ఎక్కడ తప్పినా ప్లేటు పారేయాలి. ముందు బ్యాలెన్స్ చూసుకోవాలి, అంటే ఎవరు మైకుకి ఎంత దూరంలో కూర్చోవాలన్న లెక్క. కుర్చీలు వేయించి, ట్రంపెట్లను గోడ దాకా జరిపి, క్లారినెట్‌ను ముందుకు తెచ్చాను.

బరాత్‌కి, అంటే పెళ్లి ఊరేగింపుకి, మాస్టర్ సొంతంగా కట్టిన పాట అది. వీధుల్లో ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం క్లారినెట్ ముందుకు పరిగెత్తింది, డ్రమ్ము వెనకబడింది. రెండోసారి ఇంకా అధ్వాన్నం. బజారంతా ఊపేసే మనుషులు కుర్చీల్లో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా బిగుసుకుపోయారు.

సేఠ్ లేచి నిలబడ్డాడు. "ఛోడో మాస్టర్. వీళ్లతోని కాదు."

"కూసోని వాయించి ఎన్నేండ్లాయెనో సేఠ్ సాబ్! వీళ్లకు తాళం కాళ్లల్ల ఉంటది. కుర్సీలు తీపియ్యిండ్రి" అన్నాడు మాస్టర్.

నాకది సబబుగానే తోచింది. అందరి బూట్లూ విప్పించి, జంపఖానాలు మడతలుగా పరిపించాను. ఉన్నచోటే అడుగులు వేస్తూ వాయించారు. ఆ మూడు నిమిషాలూ ప్లేటు మీద గీత గీసే సూది మీంచి చూపు తిప్పలేదు నేను. తాళం ఎక్కడా జారలేదు. అడుగుల చప్పుడూ ఎక్కలేదు. ప్లేటు తిరిగి వినిపిస్తే డ్రమ్ము వాయించే యాదగిరి కళ్లు తుడుచుకున్నాడు. సేఠ్ అందరికీ చాయ్ చెప్పాడు.

రికార్డు మేం అనుకున్నదానికన్నా బాగా అమ్ముడుపోయింది. కొన్నవాళ్లలో ఎక్కువమంది మైక్‌సెట్ల వాళ్లు.

మరుసటి ఏడు బార్కస్ దగ్గర ఓ పెళ్లికి వెళ్లాను. దూరం నుంచే మాస్టర్ పాట వినిపించింది. బ్యాండు ఏదా అని చూస్తే, బండి మీద లౌడ్‌స్పీకర్, దాని వెనక బరాత్. చుట్టాల మధ్యన మాస్టర్ మామూలు చొక్కాతో నడుస్తున్నాడు.

"ఏంది మాస్టర్, మీ బ్యాండును పిలువలేదా?" అన్నాను.

"ఎందుకు పిలుస్తరు భాయ్? గంత మంచిగొచ్చింది రికార్డు. జర ఖరాబొస్తే పిలుస్తుండిరి."

కోపంతో అనలేదు, నా పనిని మెచ్చుకుంటూనే అన్నాడు. అందుకే ఎక్కువ బాధేసింది. ఆ యేడే బ్యాండు విడిపోయింది.

తర్వాత చాలా ఏళ్లు రికార్డింగులు చేశాను. రికార్డు బాగా రావడం వేరు, వాయించినవాడు బాగుపడటం వేరు అని నాకు నేర్పింది ఆ బ్యాండే. మొదటిది నా చేతిలో పని. రెండోది ఎవరి చేతిలో ఉందో ఇప్పటికీ తెలియదు.